అడవి ఎదగకపోయినా మీరు ఎదగొచ్చు

పర్యావరణ పరిరక్షణ ప్రాజెక్టులు మేనేజ్ చేస్తూ పైకి రావాలనుకునే యువతకి ముందు ఒక భయం పోగొట్టాలి. చెట్ల పేర్లు తెలియవు, కూత విని ఏ పిట్టో చెప్పలేను అని బెంగ పెట్టుకోకండి, అవన్నీ తెలిసినవాడు ప్రతి ప్రాజెక్టులోనూ ఒకడుంటాడు, అతన్ని ఫీల్డ్ అసిస్టెంట్ అంటారు, ఫండింగ్ అయిపోయిన నెలే అతని కాంట్రాక్టూ అయిపోతుంది. మనం కన్నేసింది ఆ ఉద్యోగం మీద కాదు కదా.

మీరు నేర్చుకోవాల్సింది లాగ్‌ఫ్రేమ్, అంటే ప్రాజెక్టు లక్ష్యాలు, పనులు, వాటి కొలతలు అన్నీ గడుల్లో నింపే పట్టిక. 1969లో అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం తయారైన ఈ పట్టిక ఇప్పటికీ చెక్కుచెదరలేదు, ఈ రంగంలో అంతరించిపోయే ప్రమాదం అస్సలు లేని జాతి ఏదైనా ఉందంటే అదే. అందులో చివర అసంప్షన్స్ అని ఒక కాలమ్ ఉంటుంది, దాన్ని చిన్నచూపు చూడొద్దు. వానలు టైముకి పడతాయి, ఊరివాళ్లు సహకరిస్తారు, ప్రభుత్వం పాలసీ మార్చదు అని అక్కడ రాసిపెట్టుకుంటే రేపు ప్రాజెక్టు బోల్తా కొట్టినా తప్పు మీది కాదు, వానది.

ఇక లెక్కలు. ఎప్పుడూ నాటిన మొక్కల్నే లెక్కపెట్టాలి, బతికినవాటిని కాదు. మడ అడవులే తీసుకోండి. మడ మొక్క అస్తమానం నీళ్లలో మునిగుంటే బతకదు, ఆటుపోట్ల మధ్య కొంతసేపైనా వేళ్లకి గాలి తగలాలి. కానీ అది హాయిగా పెరిగే చోట్లు చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి, వాటికి ఓనర్లుంటారు, వాళ్లని ఒప్పించడానికి ఏళ్లు పడుతుంది, మన ప్రాజెక్టేమో మూడేళ్లు, కాబట్టి సముద్రం వైపు ఇంకా కిందకెళ్లి, ఎక్కువసేపు నీళ్లలో మునిగుండే, ఎవడూ అడగని బురదలో నాటేసి బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి వచ్చేయాలి. బతికాయో లేదో చూసే సర్వేకి బడ్జెట్ పెట్టకపోతే అవి చచ్చాయన్న రికార్డే ఉండదు. (పాత చెరువు గట్టు తెగ్గొట్టి నీటి దారి సరిచేస్తే, దగ్గర్లో తల్లిచెట్లుంటే మడ దానంతటదే మొలుస్తుందని సైంటిస్టులు ఎప్పట్నుంచో చెప్తున్నారు. నిజమే. దానంతటదే మొలిస్తే ప్రారంభోత్సవం దేనికి చేయాలి?)

టార్గెట్ తప్పితే ఎలా అని కంగారొద్దు. 2010లో దాదాపు ప్రపంచ దేశాలన్నీ జపాన్‌లో కూర్చుని జీవవైవిధ్యం కోసం ఐచి టార్గెట్లని 20 పెట్టుకున్నాయి, గడువు 2020. ఆరు కొంతవరకు అందాయి, పూర్తిగా అందింది మాత్రం ఒక్కటీ లేదని ఐక్యరాజ్యసమితి రిపోర్టే తేల్చింది. మరి ఏం చేశారు? 2022 డిసెంబర్‌లో మాంట్రియల్‌లో కూర్చుని ఈసారి 23 పెట్టుకున్నారు. ఫెయిలైతే సిలబస్ పెంచే కోర్సు ఇదొక్కటే, ఇంతకన్నా జాబ్ సెక్యూరిటీ ఎక్కడ దొరుకుతుంది?

ఆ 23లో ఒకటి, 2030కల్లా భూమిలో 30 శాతం, సముద్రంలో 30 శాతం కాపాడేయాలని. మ్యాపు మీద పచ్చరంగు వేయడం మధ్యాహ్నం పని, కాపలావాళ్లకి నెలనెలా జీతాలివ్వడమే కొంచెం కష్టం. ఏదేమైనా ఇప్పుడు చేరారంటే 2030కి సీనియర్లయిపోతారు, సరిగ్గా టార్గెట్లు ఎందుకు తప్పాయో చెప్పడానికి అనుభవమున్న కన్సల్టెంట్ల కోసం వెతికే టైముకి.