ఈసారి కనుమకు పశువుల దగ్గరికే వెళ్దాం

మొన్న మన తెలుగు సంఘం జనరల్ బాడీ మీటింగులో పిల్లల ట్రిప్పు మాట వచ్చింది. ఇక్కడ టెక్సస్‌లోనే, బండేరా వైపు పశువులు పెంచే ర్యాంచ్‌కు తీసుకెళ్దామని ఒకావిడ అన్నారు. "పేడ కంపు పీల్చడానికా ఇంత దూరం వచ్చింది?" అని వెనక నుంచి ఎవరో అనగానే హాలంతా నవ్వు. రెండో వరసలో మా మామగారు కూర్చుని ఉన్నారు. ప్రకాశం జిల్లాలో నలభై ఏళ్ళు నాగలి పట్టిన మనిషి. ఆయన తల వంచుకున్నారు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

అదే హాల్లో సంక్రాంతికి థర్మాకోల్ ఎద్దులు నిలబెట్టాం. ఫొటోలకు పెద్ద క్యూ. రాత్రంతా వాటిని తయారుచేసిన వాలంటీర్లను నేను తప్పు పట్టను. కానీ కనుమ పశువుల పండగ కదా. పశువును ముట్టుకోకుండానే మన పిల్లలు పెద్దవాళ్ళయిపోతున్నారు.

బండేరా శాన్ ఆంటోనియో నుంచి గంట ప్రయాణం. 1870ల్లో టెక్సస్ మందలను ఉత్తరాదికి తోలుకెళ్ళిన దారి ఆ ఊరి మీదుగానే పోయేది. 1920ల నుంచి అక్కడ పశువులు పెంచే రైతుల్లో కొందరు ఒకపక్క మందలు మేపుకుంటూనే అతిథులనూ చేర్చుకుంటున్నారు. డ్యూడ్ ర్యాంచ్‌లంటే అవే. రాత్రి ఉండక్కర్లేదు, కొన్నిచోట్ల పగటిపూట వెళ్ళి రావచ్చు. మేమలాగే వెళ్ళాం.

గుర్రాలు చూసుకునే అమ్మాయి జీను పట్టీ బిగించి, గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి, మళ్ళీ బిగించింది. కొన్ని గుర్రాలు మొదటిసారి పొట్ట ఉబ్బించి ఉంచుతాయట. అలాగే ఎక్కితే జీను పక్కకు జారిపోతుందట. మా పాప కళ్ళార్పకుండా చూసింది.

తర్వాత ట్రైలర్ మీద గడ్డిమోపుల మధ్య కూర్చోబెట్టి బీడులోకి తీసుకెళ్ళారు. మేత చప్పుడు వినగానే మంద పరుగెత్తుకొచ్చింది. పొడుగు కొమ్ముల లాంగ్‌హార్న్‌ల మధ్య బూడిద రంగు ఆవు ఒకటి. మూపురం, వేలాడే గంగడోలు. "ఇది మన ఒంగోలు పోలికే!" అని మామగారు లేచి నిలబడ్డారు. అది బ్రాహ్మన్ జాతి. ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణాలోయ పశువుల నుంచి ఇక్కడే తయారైంది. ఎండకూ పురుగుకూ తట్టుకుంటుందని టెక్సస్ రైతులు పట్టుబట్టి పెంచారు. 1924లో హ్యూస్టన్‌లో దానికో సంఘమే పెట్టుకున్నారు. మామగారు అరచేతిలో మేత పెట్టి, రెండో చేత్తో గంగడోలు నిమిరారు. ఆవు కదల్లేదు. వయసెలా లెక్కేస్తారని అడిగారు. పళ్ళు చూసి అంది ఆ అమ్మాయి. మేమూ అంతే అన్నారాయన. ఇద్దరి మధ్య మా పాపే దుబాసీ. తాతయ్యకు ఇన్ని తెలుసని దానికి ఆ రోజే తెలిసింది.

అభ్యంతరం ఏమిటో నాకు తెలుసు. అవి మాంసానికి పెంచే పశువులు. దూడలేమవుతాయని పాప అడిగితే, వేలానికి పంపుతామని ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. పాప ముఖం చిన్నబోయింది. భోజనంలో బ్రిస్కెట్, అంటే పశువు రొమ్ము మాంసం, ఉంది, బీన్స్‌లోనూ మాంసం వేశారు. మేం పులిహోర, పెరుగన్నం తీసుకెళ్ళాం కాబట్టి ఇబ్బంది పడలేదు. కనుమ రోజు అలాంటి చోటికా అనేవాళ్ళ బాధ నిజమైనదే. కానీ తిరిగొస్తూ మామగారు అన్నారు: "ట్రాక్టర్లొచ్చాక మనమూ ముసలెద్దుల్ని సంతకు తోలాం. కొన్నవాడు ఎటు తోలుకెళ్ళాడో ఒక్కరమూ అడగలేదమ్మా." మన ఊళ్ళో అడగని ప్రశ్న మన పిల్ల అక్కడ అడిగింది, సూటిగా జవాబూ విన్నది. నాకది తప్పనిపించలేదు.

కమిటీ వారికి నా విన్నపం. జనవరిలో కనుమ దగ్గర పడే శనివారం ఒక బస్సు మాట్లాడండి. శాకాహారం సంగతి, చిన్నపిల్లలు గుర్రం ఎక్కే వయసు సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కుందాం. వంట మా బ్యాచ్ చూసుకుంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలనూ తాతయ్యలనూ ముందు సీట్లలో కూర్చోబెట్టండి. బీడులోకి దిగాక మైకు వాళ్ళకే ఇవ్వండి.