‘మా మనిషి కాదు’

ప్రమాదం జరిగిన ఫ్యాక్టరీ గేటు దగ్గర సంతాపం కంటే ముందు వినిపించే మాట ఒకటుంది: ‘అతను మా మనిషి కాదండీ, కాంట్రాక్టరు మనిషి’. జీతం ఆలస్యమైందని అడిగినా అదే మాట. పీఎఫ్ జమ కాలేదన్నా అదే మాట. పదేళ్లుగా ఒకే మిషను మీద, ఒకే సూపర్‌వైజరు కేకల కింద పనిచేసిన మనిషి ఎవరి మనిషో తేల్చేందుకు ఈ దేశంలో 1970లోనే కాంట్రాక్టు కార్మిక చట్టం చేశారు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలోకి, నాలుగు కొత్త కార్మిక కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రత కోడ్ వచ్చింది. తేలాల్సింది తేలకపోగా, తప్పించుకునే దారి ఇంకాస్త వెడల్పయింది.

పాత చట్టం ఇరవై మంది కాంట్రాక్టు కార్మికులున్న చోట వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య యాభై. యాభైకి తక్కువ మందిని సరఫరా చేసే కాంట్రాక్టరుకు లైసెన్సు అక్కర్లేదు. ఇక ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిషం తెలియాల్సిన పనిలేదు. బావమరిది పేరు మీద ఒకటి, భార్య పేరు మీద ఒకటి, మేస్త్రీ పేరు మీద ఇంకొకటి ఏజెన్సీలు పుడతాయి. ఒక్కోదానిలో నలభై తొమ్మిది మంది ఉంటారు. చిన్న పరిశ్రమలైతే మొత్తంగానే ఈ అధ్యాయం బయట నిలబడి ఊపిరి పీల్చుకుంటాయి. ప్రమాదాలు మాత్రం నలభై తొమ్మిది దగ్గర ఆగవు.

అంతకంటే ప్రమాదకరమైనది ‘ప్రధాన కార్యకలాపం’ అనే నిబంధన. కంపెనీ ఏ పని కోసం పుట్టిందో ఆ పనిలో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని కోడ్ చెబుతోంది. వినడానికి బాగుంది. దాని కిందే మినహాయింపులున్నాయి. ఆ పని మామూలుగా కాంట్రాక్టరు చేతనే చేయిస్తున్నదైతే పెట్టుకోవచ్చు. రోజులో ఎక్కువ భాగం మనిషి అక్కర్లేని పనైతే పెట్టుకోవచ్చు. పని ఒక్కసారిగా పెరిగి గడువులోగా పూర్తి చేయాల్సి వచ్చినా పెట్టుకోవచ్చు. చివరి రెండింటిలో కొంత న్యాయం ఉంది. మొదటిది చూడండి. ఇన్నాళ్లూ పాత చట్టం స్ఫూర్తిని తుంగలో తొక్కి ఉత్పత్తి లైను మొత్తాన్ని కాంట్రాక్టు మీద నడిపిన వాడు, ‘మా దగ్గర ఇది ఆనవాయితీ’ అని ఇప్పుడు ధీమాగా చెప్పుకోవచ్చు. తప్పు చాలాకాలం చేస్తే ఆనవాయితీ అవుతుంది, ఆనవాయితీ అయితే మినహాయింపు దొరుకుతుంది. నిజాయతీగా కార్మికులను తన రోల్స్‌లో పెట్టుకున్న పక్క ఫ్యాక్టరీ యజమాని ఏం పాపం చేశాడు?

ఈ వంటకం ఢిల్లీలో మొదలైంది కాదు. ‘ప్రధాన కార్యకలాపం’ అనే మాటను, దాని చుట్టూ పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, లోడింగు వంటి పనుల జాబితాను 2003లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన సవరణ చట్టంలో రాసుకుంది. ఇరవై రెండేళ్ల తర్వాత అదే మూస దేశమంతటికీ వచ్చింది. మనం ఏది ముందు మొదలుపెట్టామో కూడా గుర్తుంచుకోవాలి మరి.

పరిశ్రమ వర్గాల వాదన తెలియనిది కాదు. ఆర్డర్లు పెరుగుతాయి, తగ్గుతాయి. చెరకు సీజన్‌కు, పత్తి జిన్నింగుకు, దసరా ముందు గోదాముల్లో పార్సిళ్ల రద్దీకి తాత్కాలిక మనుషులు కావాలి. అందరినీ పర్మినెంట్ చేస్తే మూత పడతామంటారు. సీజన్ పనికి సీజన్ మనిషిని పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు. మా అభ్యంతరం పన్నెండు నెలలూ సాగే ‘సీజన్’ మీద. వార్షిక పరిశ్రమల సర్వే లెక్కల్లో ఈ శతాబ్దం మొదట్లో కార్మికుల్లో కాంట్రాక్టు వాటా 20 శాతం దగ్గర ఉండేది. ఇప్పుడది 40 దాటింది. ప్రతి అయిదుగురిలో ఇద్దరు తాత్కాలికమైతే ఇక ఆ ఫ్యాక్టరీలో శాశ్వతమైనది ఏమిటి, గేటు మీది బోర్డా?

ఆ గేటు దగ్గరే ఒకసారి ఆగి చూస్తే చాలు. రెండేళ్లకోసారి టెండరు ముగుస్తుంది. పాత కాంట్రాక్టరు పోతాడు, కొత్తవాడు వస్తాడు. సెక్యూరిటీ గదిలో కొత్త గేట్ పాసులు ఇస్తారు. అదే ఫొటో, అదే బ్లడ్ గ్రూపు, అదే డిపార్టుమెంటు. చేరిన తేదీ మాత్రం నిన్నటిది. పద్ధెనిమిదేళ్ల అనుభవం ఉన్న ఫిట్టరు నిన్ననే ఉద్యోగంలో చేరినట్టు లెక్క. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలంటారు. రెండేళ్లకోసారి సున్నా నుంచి మొదలయ్యే వాడికి అయిదు ఏ జన్మలో నిండాలి? అదే రోజు సాయంత్రం బాయిలరు దగ్గర ఏదో చప్పుడు తేడాగా వస్తే ఇంజినీరు పరిగెత్తేది మాత్రం ఆ ‘నిన్న చేరిన’ మనిషి దగ్గరికే. పని పడినప్పుడు మా మనిషి, లెక్క తేల్చేటప్పుడు ఎవడో.

టెండర్ల సంగతి ఇంకో కథ. తక్కువ కోట్ చేసిన వాడికే పని. సర్వీసు చార్జీ సున్నాకు ఆనుకుని కోట్ చేసే కాంట్రాక్టర్లున్నారు. వాళ్లను చూసి కొనుగోలు విభాగం ముచ్చటపడుతుంది. మనుషులను వెతకాలి, కాగితాలు నడపాలి, బిల్లు వచ్చే దాకా సొంత డబ్బుతో జీతాలివ్వాలి. ఇన్ని చేసి సున్నా లాభానికి ఒప్పుకునే ధర్మాత్ముడు ఎక్కడి నుంచి తింటాడన్న ప్రశ్న ఎవరికీ రాదు. లెక్క కష్టమేం కాదు. నెలకు 15,000 వేతనం మీద పీఎఫ్ యజమాని వాటా 12 శాతం, అంటే 1,800. కార్మికుడి నుంచి కోసేది ఇంకో 1,800. ఈఎస్‌ఐ కింద యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం. ఇద్దరి వాటాలూ కలిపితే నెలకు తల ఒక్కింటికి 4,200 రూపాయలు. వంద మంది ఉన్న కాంట్రాక్టరు చేతుల మీదుగా నెలకు 4 లక్షల 20 వేలు దాటిపోతాయి. చలానా చూడకుండా బిల్లు పాస్ చేసే కంపెనీ ఉంటే చాలు, ఆ ధర్మాత్ముడికి సర్వీసు చార్జీతో పనేముంది? జీతం బ్యాంకులో పడుతోంది కదా అంటారు. పడుతుంది. ఏటీఎం కార్డు మేస్త్రీ జేబులో ఉన్న చోట్ల అది ఎవరి ఖాతా?

ఇదంతా కాంట్రాక్టరు తప్పని చేతులు దులుపుకోవడం కుదరదు. కాంట్రాక్టరు ఎగ్గొడితే వేతనం అసలు యజమానే చెల్లించాలని 1970 చట్టం చెప్పింది. పీఎఫ్, ఈఎస్‌ఐ చట్టాలు కూడా భారాన్ని అసలు యజమాని మీదే పెట్టాయి. కొత్త కోడ్ ఒక మంచి పనీ చేసింది: క్యాంటీన్, మరుగుదొడ్డి, తాగునీరు, ప్రథమ చికిత్స వంటి సదుపాయాలను నేరుగా అసలు యజమాని బాధ్యత చేసింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమైతే ‘కార్మికుడు’ అన్న మాటలోనే కాంట్రాక్టరు ద్వారా వచ్చిన వాడినీ కలిపేసింది. చట్టం దృష్టిలో అతను ఎప్పుడూ ఆ ఫ్యాక్టరీ మనిషే. పరాయివాడయింది యాజమాన్యాల నోట్లోనే.

న్యాయస్థానాలూ ఇదే ముడి దగ్గర తచ్చాడుతున్నాయి. 1978లో కోజికోడ్‌లోని ఒక తాళ్ల ఫ్యాక్టరీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, కాంట్రాక్టరు అనే ముసుగు తీసి చూస్తే అసలు యజమాని ఎవరో కనిపిస్తాడన్నారు. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కాంట్రాక్టు విధానాన్ని నిషేధించినంత మాత్రాన కార్మికులు దానంతటదే పర్మినెంట్ కారని తేల్చింది. కాంట్రాక్టు ఉత్త బూటకమైతే మాత్రం వాళ్లు అసలు యజమాని కార్మికులేనని అదే తీర్పు చెప్పింది. యాజమాన్యాలకు తీర్పులో మొదటి సగమే గుర్తుంటుంది. 2024 డిసెంబరులో కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన మహిళల కేసులో సుప్రీంకోర్టు, వాళ్లను క్రమబద్ధీకరించాలంటూ, శాశ్వత స్వభావం గల పనికి తాత్కాలికమనే ముద్ర వేసి నడిపించడాన్ని గట్టిగానే తప్పుపట్టింది. ఊడ్చే పని తాత్కాలికమట! దుమ్ము ఎప్పుడు తాత్కాలికమయింది?

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీ గుర్తుందా? 2025 జూన్ 30. పేలుడు జరిగిన తర్వాత మొదటి రోజుల్లో లోపల ఎందరున్నారన్న లెక్కే మారుతూ వచ్చింది. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, ఉత్తర ప్రదేశ్ నుంచి వచ్చిన పేద కుటుంబాలు ఫొటోలు పట్టుకుని గేటు దగ్గర, ఆస్పత్రి దగ్గర నిలబడ్డాయి. డీఎన్ఏ పరీక్షలతో మృతులను గుర్తించాల్సి వచ్చింది. మృతుల సంఖ్య 54కు చేరింది. వాళ్లలో ఎనిమిది మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. కారణాల మీద ఎన్ని మాటలైనా నడవవచ్చు. మా ప్రశ్న ఒక్కటే. ఏ షిఫ్టులో, ఏ బ్లాకులో, ఎవరెవరున్నారో క్షణంలో చెప్పే జాబితా ఏ రసాయన ఫ్యాక్టరీ గేటు బయట ఉంది? మన పారిశ్రామికవాడల్లో పర్మినెంటు వాళ్లది ఒక మస్టరు, కాంట్రాక్టరు వాళ్లది వేరే మస్టరు. ఆ రెండోది కాంట్రాక్టరు మనిషి సంచిలో ఉంటుంది. ‘మా మనిషి కాదు’ అన్న మాట చివరికి చేరేది ఇక్కడికే: మనిషి పోయాడో బతికాడో చెప్పేవాడు లేని చోటికి.

కార్మికులను సమర్థంగా నడిపించడం గురించి నగరంలోని స్టార్ హోటళ్లలో సదస్సులకు కొదవలేదు. అంత ఖర్చు అక్కర్లేదు. గేటు దాటిన ప్రతి తలనూ కంపెనీ తన రిజిస్టరులోనే రాసుకోవాలి. గత నెల పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాల్లో ఒక్కొక్కరి పేరు సరిచూశాకే ఈ నెల బిల్లు పాస్ చేయాలి. టెండరులో వేతనం, చట్టబద్ధ చెల్లింపులు ముట్టుకోవడానికి వీల్లేని మొత్తంగా పెట్టి, పోటీ మిగతా వాటి మీదే నడపాలి. భద్రతా శిక్షణ హిందీలో, ఒడియాలో ఇవ్వాలి; తెలుగులో రాసిన హెచ్చరిక బోర్డు కింద సంతకం పెట్టించుకోవడం శిక్షణ అనిపించుకోదు. కాంట్రాక్టరు మారినా చేరిన తేదీ మారకూడదు. నిజంగా ఏడాదికో రెండేళ్లకో మనిషి కావాలంటే నిర్ణీతకాల నియామకం కింద నేరుగా తీసుకునే దారిని కొత్త కోడ్‌లే ఇచ్చాయి, వారికి ఏడాదికే గ్రాట్యుటీ కూడా వస్తుంది. ఆ దారిలో ఎన్ని కంపెనీలు నడుస్తాయో చూడాలి. అక్కడ నియామక పత్రం మీద సంతకం కంపెనీదే ఉంటుంది మరి. ఆ సంతకం తప్పించుకోవడానికే కదా ఇన్ని పాట్లూ.

పర్మినెంటు కార్మికుల సంఘాలకూ ఇందులో మచ్చ ఉంది. వేతన ఒప్పందాల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు పక్క షెడ్డులోని వాళ్లు గుర్తురారు. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు, బొగ్గు గనుల కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ సిఫారసు చేసిన వేతనాల కోసం రోజుల తరబడి సమ్మె చేశారు. ఒకే గనుల సంస్థ, ఒకే బొగ్గు దుమ్ము, రెండు రకాల జీతం. సంఘాలు గుర్తింపు ఎన్నికలప్పుడు ఎంత గట్టిగా గొంతు చించుకుంటాయో ఆ దుమ్ములో అంత గట్టిగా నిలబడతాయా?

ఇక ప్రభుత్వాలు. పరిశ్రమలకు నీతులు చెప్పాల్సిన వీళ్లే ఈ విద్యలో అందరికంటే ఆరితేరారు. డేటా ఎంట్రీ నుంచి ఆస్పత్రి వార్డు దాకా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పని నడుస్తున్నది ఔట్‌సోర్సింగ్ చేతుల మీదే. మధ్యవర్తుల దోపిడీ ఆపడానికని ఆంధ్రప్రదేశ్ 2020లో ప్రత్యేక కార్పొరేషనే పెట్టింది. అంటే ప్రైవేటు ఏజెన్సీల చేతిలో ఏం జరుగుతోందో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఎన్నికలప్పుడు క్రమబద్ధీకరణ హామీ, గెలిచాక కమిటీ, మళ్లీ ఎన్నికలకు అదే హామీ. ‘మా మనిషి కాదు’ అనడం ప్రభుత్వం నుంచే ప్రైవేటు నేర్చుకుందన్నా ఎవరూ కాదనలేరు. తనిఖీ చేయాల్సిన ఇన్‌స్పెక్టరుకు కొత్త కోడ్‌లో ‘ఫెసిలిటేటరు’ అన్న తోక కూడా తగిలించారు. తనిఖీ ఎంత, సౌకర్యం ఎంత, ఎవరికి సౌకర్యమన్నది ఇక ఆయన ఇష్టం.

రాష్ట్రాల చేతుల్లో ఇంకా చాలా ఉంది. నిబంధనలు రాసేది వాళ్లే, తనిఖీ మనుషుల్ని పెట్టేదీ వాళ్లే. ‘ఆనవాయితీ’ మినహాయింపును ఎవరు ఏ ఆధారంతో కోరాలో కఠినంగా రాయవచ్చు. నలభై తొమ్మిది మంది ఏజెన్సీలు ఎన్ని ఒకే చిరునామాలో ఉన్నాయో ఒక్క పూటలో బయటపెట్టవచ్చు. రెండు రాష్ట్రాల కార్మిక మంత్రులకూ అంతకంటే ముందు ఒక చిన్న పని చెబుతున్నాం. రేపు పొద్దున సచివాలయం మెట్ల దగ్గర కారు దిగాక నేరుగా లిఫ్టు ఎక్కకండి. అక్కడ ఊడుస్తున్న ఆమెను పలకరించి, ఎన్నేళ్లుగా చేస్తున్నావమ్మా అని అడగండి, గేట్ పాసు మీద చేరిన తేదీ చూడండి, గత నెల పీఎఫ్ పడిందో లేదో ఆమె ఫోనులోనే చూసుకోమనండి. ఆ మూడు జవాబులూ విన్నాక మీ గదిలోకి వెళ్లి, పరిశ్రమలకు నోటీసులు రాయడానికి చెయ్యి ఆడుతుందేమో చూసుకోండి.