పది వేలు కోటి చేసిన ఆ బ్యాంకు షేరు ఏది సామీ?

మా వాకింగ్ గ్రూపులో పొద్దున ఐదున్నరకి శ్రీవారి ఫొటో వస్తుంది, ఆరుకి ఒక సూక్తి వస్తుంది. పోయిన వారం మాత్రం ఆరుంపావుకి షేర్ మార్కెట్ మెసేజ్ ఒకటి దిగింది. సాయంత్రంలోగా అదే మెసేజ్ మా వదిన వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచీ, చిత్తూరులో ఉండే మా బావమరిది నుంచీ, మా ఆఫీసు కింద జిరాక్స్ షాపు అబ్బాయి నుంచీ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ:

“2001లో ఆంధ్రా బ్యాంకు షేర్లు 10 వేలకి కొని బీరువాలో పెట్టి మరిచిపోయినవాడు ఇవాళ కోటీశ్వరుడు. ప్రాంతీయ బ్యాంకు ఎప్పటికీ మునగదు, వెనక రిజర్వు బ్యాంకు ఉంది. ఏటా వచ్చే డివిడెండే ఎఫ్‌డీ వడ్డీని మించుతుంది. పెద్ద బ్యాంకులో కలిస్తే ఇంకా లాభం. చిన్న బ్యాంకు షేరు కొనండి, 20 ఏళ్ళు మరిచిపోండి.”

తిరుపతిలో ఇన్‌కమ్‌టాక్స్ రిటర్నులు వేయడం నా పని. ఎవరినీ షేర్లు కొనమని చెప్పను, వద్దనీ చెప్పను. కానీ ఈ మెసేజ్ చదివి, ఎఫ్‌డీ తీసేసి ఇందులో పెడితే ఎలా ఉంటుందని రిటైరైన పెద్దమనుషులు ఇద్దరు ఫోన్ చేశారు. ఒకాయనకి అది కూతురి పెళ్ళి డబ్బు. అందుకని కూర్చుని, ఒక్కో మాటా విడదీసి చూశాను.

మొదట ఆ కోటి సంగతి. 10 వేలు పాతికేళ్ళలో కోటి కావాలంటే వెయ్యి రెట్లు పెరగాలి. అంటే పాతికేళ్ళూ సగటున ఏటా సుమారు 32 శాతం. ఆంధ్రా బ్యాంకు అలా పెరిగిందా? 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన బ్యాంకు అది. 2001లో 10 రూపాయల షేరును 10 రూపాయలకే జనానికి అమ్మింది. 10 వేలు పెట్టినవాడికి 1,000 షేర్లు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ప్రతి 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకీ 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. ఆ రోజు యూనియన్ బ్యాంకు షేరు 30 రూపాయలు కూడా లేదు. తర్వాత బాగానే కోలుకుంది. లెక్క సులువుగా ఉండటానికి షేరు 150 అనుకుందాం. 325 షేర్లకి 48,750 రూపాయలు. అదే 325 షేర్లు కోటి పలకాలంటే యూనియన్ బ్యాంకు షేరు ఒక్కోటీ 30,769 రూపాయలు ఉండాలి. ఈ మెసేజ్ పంపిన నలుగురిలో ఒక్కరూ ఈ భాగహారం చేయలేదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 2001లో 10 రూపాయలకి తీసుకున్నవాళ్ళు నష్టపోలేదు. ఆ బ్యాంకు మంచి రోజుల్లో ఏడాదికి షేరుకి 5 రూపాయలకు పైగా డివిడెండ్, అంటే లాభంలో వాటాదారులకి పంచే డబ్బు, ఇచ్చింది. పెట్టిన 10 వేలూ డివిడెండ్ల రూపంలోనే ఎప్పుడో తిరిగి వచ్చేశాయి, ఆపైన కూడా వచ్చాయి. మంచి పెట్టుబడే. కాకపోతే కోటి కాదు.

ఇక్కడే ఇంకొకరిని కూడా చూడాలి. అదే ఆంధ్రా బ్యాంకు 2006 జనవరిలో మళ్ళీ జనం దగ్గరికి వచ్చి షేరు 90 రూపాయలకి అమ్మింది. అప్పుడు 9 వేలు పెట్టి 100 షేర్లు తీసుకున్నాయన చేతికి 2020లో వచ్చినవి 32 యూనియన్ బ్యాంకు షేర్లు, మిగిలిన అర ముక్కకి కాస్త చిల్లర. షేరు 150 అనుకున్నా ఐదు వేల లోపే. మధ్యలో వచ్చిన డివిడెండ్లు కలుపుకున్నా, అదే 9 వేలు ఏడు శాతానికి ఎఫ్‌డీలో వేసి వదిలేసినవాడి దరిదాపుల్లోకి రాడు. బ్యాంకు అదే. బోర్డు అదే, క్యాషియరు అదే. మధ్యలో ఐదేళ్ళ తేడా, కొన్న ధరలో తొమ్మిది రెట్ల తేడా.

మరి ‘పది వేలు కోటి’ అన్నది ఎక్కడి నుంచి ఊడిపడింది? పూర్తిగా గాలిలోంచి రాలేదని నా అనుమానం. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 1995లో 10 రూపాయలకి షేర్లు ఇచ్చింది. 2011లో ఒక్కో షేరునీ ఐదుగా విడదీశారు, 2019లో ఒక్కోదాన్నీ రెండుగా, 2025లో ఒకటికి ఒకటి ఉచితంగా బోనస్ ఇచ్చారు. అప్పటి 1,000 షేర్లు ఇప్పుడు 20 వేల షేర్లు. షేరు 900 అనుకున్నా 1 కోటి 80 లక్షలు. ఆ లెక్క నిజం. ఎవరో ఆ అంకెను పట్టుకొచ్చి మన ఆంధ్రా బ్యాంకు పేరుకి అతికించారు. ముంబై నుంచి దేశమంతా నడిచే బ్యాంకుకీ, ప్రాంతీయ బ్యాంకుకీ ఏం సంబంధం? పక్కింటి అబ్బాయి మార్కుల లిస్టు మీద మన వాడి ఫొటో అంటించినట్టుంది.

“ప్రాంతీయ బ్యాంకు మునగదు, వెనక రిజర్వు బ్యాంకు ఉంది.” మెసేజ్ మొత్తంలో నాకు కోపం తెప్పించిన వాక్యం ఇదే. సగం నిజం కాబట్టి.

రిజర్వు బ్యాంకు ఉంది. ఉన్నది డిపాజిటర్ల కోసం. కరూరులో 1926లో పుట్టిన లక్ష్మీ విలాస్ బ్యాంకు సంగతి చూడండి. 2020 నవంబర్ 17న దాని మీద మారటోరియం, అంటే డబ్బు తీయడం మీద ఆంక్ష, పెట్టారు, 25 వేలకు మించి తీసుకోవద్దన్నారు. పది రోజుల్లో, 27వ తేదీన, డీబీఎస్ బ్యాంకులో కలిపేశారు. డిపాజిట్లు పైసాతో సహా భద్రం. షేర్ హోల్డర్లకి? సున్నా. వాటా మూలధనం మొత్తం రద్దు చేశారు. షేర్లు కంప్యూటర్లో ఉండే డీమ్యాట్ ఖాతాలోంచి అవి మాయమయ్యాయి. మూడేళ్ళ ముందు ఆ బ్యాంకే ఉన్న షేర్ హోల్డర్లని పిలిచి 122 రూపాయల చొప్పున రైట్స్ షేర్లు అమ్మింది. ‘మన బ్యాంకు’ అని నమ్మి డబ్బు కట్టినవాళ్ళకి ఆ 122లో ఒక్క రూపాయి మిగల్లేదు. తొంభై నాలుగేళ్ళ వయసున్న బ్యాంకు అది. మన హైదరాబాదు గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కథ కూడా అంతే. 1994లో మొదలైంది, షేర్ల కోసం జనం ఎగబడ్డారు, 2004 జులైలో మారటోరియం, ఆగస్టులో ఓరియంటల్ బ్యాంకులో విలీనం. డిపాజిటర్లు బయటపడ్డారు, వాటాదారులు మునిగారు.

యెస్ బ్యాంకు ప్రాంతీయ బ్యాంకు కాదు గానీ, కాపాడటం అంటే ఏమిటో అక్కడ బాగా కనిపిస్తుంది. 2020 మార్చిలో స్టేట్ బ్యాంకూ మరికొన్ని బ్యాంకులూ 10 రూపాయల చొప్పున షేర్లు తీసుకుని దాన్ని నిలబెట్టాయి. జులైలో ఇంకోసారి 12 రూపాయలకి అమ్మారు. 255 కోట్లు ఉండే షేర్ల సంఖ్య 2,500 కోట్లు దాటింది. బ్యాంకు బతికింది. పాతవాళ్ళ వాటా మాత్రం పదో వంతుకి పలచబడింది. సాంబారులో బిందెడు నీళ్ళు పోస్తే పంక్తిలో అందరికీ వస్తుంది, రుచే ఉండదు. పైగా 100 షేర్లకు మించి ఉన్న పాతవాళ్ళని వాటిలో ముప్పావు వంతు మూడేళ్ళు అమ్ముకోవద్దన్నారు.

ఫోన్ చేసిన పెద్దాయన, “డిపాజిట్‌కి 5 లక్షల ఇన్సూరెన్స్ ఉంది కదా నాయనా, షేరుకి కూడా అంతో ఇంతో ఉంటుంది కదా?” అని అడిగారు. ఉండదండీ. ఆ 5 లక్షలు డిపాజిట్‌కే, అదీ అసలూ వడ్డీ కలిపి, ఒక మనిషికి ఒక బ్యాంకులో. షేరు పని అందుకు సరిగ్గా ఎదురు. బ్యాంకు ఇచ్చిన ప్రతి 100 రూపాయల అప్పులో సొంత డబ్బు పది, పన్నెండు రూపాయల చుట్టుపక్కల ఉంటుంది, మిగతాదంతా మనం దాచుకున్నదే. అప్పుల్లో పది రూపాయలు రాకుండా పోతే, ముందు పోయేది ఆ సొంత డబ్బు. షేరంటే అదే. డిపాజిట్ ఇంటి లోపల పడుకుంటే షేరు వాకిట్లో కాపలా కాస్తుంది. దొంగ వస్తే మొదటి దెబ్బ ఎవరికో చెప్పాలా?

ప్రాంతీయ బ్యాంకుకి ఇంకో చిక్కుంది. మన ఊరినే తీసుకోండి. ఒక బ్యాంకు అప్పులన్నీ తిరుపతి, చిత్తూరుల్లోనే ఇచ్చిందనుకుందాం: లాడ్జీలకి, కొండకి తిప్పే జీపులకి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి, టమాటా వ్యాపారులకి. 2020 మార్చి 20న శ్రీవారి దర్శనం ఆపారు, జూన్ 8న గానీ మళ్ళీ మొదలుకాలేదు. ఆ ఎనభై రోజుల్లో లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడితే కుక్కలు తప్ప ఏమీ కనిపించేవి కావు. లాడ్జి ఓనరుకీ, జీపు డ్రైవరుకీ, వాళ్ళకి ఇడ్లీ అమ్మే అమ్మకీ ఒకే రోజు ఆదాయం ఆగిపోయింది. 2025లో తోతాపురి మామిడి రేటు పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం పైన 4 రూపాయలు కలపాలని నిర్ణయించాల్సి వచ్చింది. దేశమంతా అప్పులిచ్చే బ్యాంకుకి ఇలాంటివి ఒక మూల దెబ్బ. ఒకే ప్రాంతం మీద ఆధారపడ్డ బ్యాంకుకి అన్ని వైపుల నుంచీ ఒకేసారి తగులుతుంది. మన ఊరు మనకి బాగా తెలుసు, అందుకే మన ఊరి బ్యాంకు మంచిది అంటారు గానీ, మన ఇల్లు, మన జీతం, మన పొలం ఇప్పటికే ఈ ఊరి మీదే ఆధారపడి ఉన్నాయి. షేరు కూడా ఇక్కడే పెడితే వాన కురిసినా ఎండ కాసినా అంతా ఒకే చేల్లో.

చిత్తూరు బావమరిది వేరే ప్రశ్న వేశాడు: “మరి మన సప్తగిరి గ్రామీణ బ్యాంకు షేర్లు ఎక్కడ దొరుకుతాయి బావా?” అవి మార్కెట్లో లేవు. గ్రామీణ బ్యాంకుల్లో 50 శాతం కేంద్రానిది, 15 రాష్ట్రానిది, 35 స్పాన్సర్ బ్యాంకుది, అంటే దాని వెనక ఉండే పెద్ద బ్యాంకుది. పైగా చిత్తూరు కేంద్రంగా నడిచిన ఆ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. ఎవరైనా ‘లోపల నుంచి ఇప్పిస్తా’నంటే దండం పెట్టి పంపేయడమే.

డివిడెండ్ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. ఎఫ్‌డీ వడ్డీ బ్యాంకు మనకి రాసిచ్చిన మాట. డివిడెండ్ మిగిలితే పెట్టేది. 2020లో కరోనా వచ్చినప్పుడు 2019-20 లాభాల నుంచి ఇక డివిడెండ్ ఇవ్వొద్దని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకీ చెప్పింది. ఆ తర్వాత లాభాలున్న బ్యాంకు కూడా ఇవ్వలేదు. ఆ ఏడాది ఎఫ్‌డీ వడ్డీ మాత్రం ఆగలేదు. పన్ను విషయంలోనూ ఇప్పుడు డివిడెండ్‌కి ప్రత్యేక మర్యాద లేదు, వడ్డీలాగే మన ఆదాయంలో కలిసిపోతుంది.

“పెద్ద బ్యాంకులో కలిస్తే ఇంకా లాభం.” ఒక్కోసారి నిజమే. ఐఎన్‌జీ వైశ్యా 2015లో కోటక్‌లో కలిసినప్పుడు 1,000 షేర్లకి 725 కోటక్ షేర్లు వచ్చాయి, వాళ్ళు సంతోషంగానే ఉన్నారు. ఆంధ్రా బ్యాంకుకి 325 వచ్చాయి. లక్ష్మీ విలాస్‌కి సున్నా. బలంగా ఉండి పెళ్ళికి వెళ్ళిన బ్యాంకు ఒక రకం, ఆసుపత్రి నుంచి స్ట్రెచర్ మీద వెళ్ళింది ఇంకో రకం. రెంటికీ విలీనం అనే అంటారు.

చిన్న బ్యాంకులన్నీ చెడ్డవని నేను అనడం లేదు. 1904 నాటి కుంభకోణం సిటీ యూనియన్ బ్యాంకు ఉంది, 1916 నాటి కరూర్ వైశ్యా ఉంది. కరూర్ వైశ్యా షేరు 2020 మార్చిలో 20 రూపాయల చుట్టుపక్కల ఉండేది, నాలుగేళ్ళలో 200 దాటింది. ఆ 20 దగ్గర కొన్నవాళ్ళని నేను చూడలేదు. అప్పటికి ఏళ్ళ తరబడి పడుతూ వస్తున్న షేరు అది, అందరూ టెన్షన్‌తో అమ్ముకునే పనిలో ఉన్నారు.

చివరిగా, “20 ఏళ్ళు మరిచిపోండి.” దీనికి మా మేనమామ దగ్గరికి వెళ్ళాలి.

మామ కొర్లగుంటలో ఉంటాడు, ఎనభై దాటాయి. 1990ల్లో ఒక బ్యాంకు షేర్లు 100 కొన్నాడు. పేరు ఎందుకులెండి. సర్టిఫికెట్లు పట్టుచీర కొన్న ప్లాస్టిక్ కవర్లో, నాఫ్తలీన్ ఉండలతో సహా, భద్రంగా ఉన్నాయి. ఆయన నిజంగానే మరిచిపోయాడు. చిత్తూరు మిట్టూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి తిరుపతి వచ్చినప్పుడు అడ్రస్ మార్పించలేదు. డివిడెండ్ వారెంట్లు పాత ఇంటికే వెళ్ళాయి, ఎవరూ మార్చుకోలేదు. వరసగా ఏడేళ్ళు డివిడెండ్ తీసుకోకపోతే, ఆ డబ్బే కాదు, షేర్లు కూడా ప్రభుత్వ నిధికి, ఐఈపీఎఫ్ అంటారు దాన్ని, వెళ్ళిపోతాయి. మామవి వెళ్ళిపోయాయి. పోయినట్టు కాదు, తిరిగి తెచ్చుకోవచ్చు. దానికి ఐఈపీఎఫ్-5 ఫారం, ఇండెమ్నిటీ బాండు (తర్వాత తేడా వస్తే బాధ్యత నాదే అని రాసిచ్చే పత్రం), పాన్, ఆధార్ కావాలి. కాగితం షేర్లని 2019 ఏప్రిల్ నుంచి అలాగే బదిలీ చేయడం కుదరదు కాబట్టి డీమ్యాట్ ఖాతా కావాలి. పాత సంతకం కలవకపోతే బ్యాంకు మేనేజరు ధ్రువీకరించిన ఇంకో ఫారం.

“ఏంరా అబ్బోడా, నా షేర్లు నాకీడానికి ఇన్ని కాయితాలా?” అని మామ గొడవ.

సంతకం కలవలేదు. 1990ల్లో ఆయన ఇంగ్లీషులో, కింద రెండు గీతలతో, కలెక్టరులా పెట్టేవాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది. మేనేజరు ఎదురుగా ఇప్పటి సంతకం పెడితే చాలు మామా, పాతదానిలా ఉండాల్సిన పని లేదు అని మూడుసార్లు చెప్పాను. వినడు. మొన్న ఆదివారం వెళ్ళేసరికి పాత క్యాలెండర్ కాగితాల వెనక వైపు నిండా సంతకాలే. మొదటి అక్షరం బాగానే తిరుగుతోంది. కింది రెండు గీతల దగ్గరికి వచ్చేసరికి పెన్ను జారిపోతోంది. అత్త పక్కనే చిక్కుడుకాయలు వలుస్తూ, ఇంకో క్యాలెండర్ చింపి ఇచ్చింది.