గాలి పొయ్యి గారి సముఖానికి

మహారాజశ్రీ ఎయిర్ ఫ్రయర్ గారికి,

కర్నూలు నుంచి ఒక ఇల్లాలు రాసుకుంటున్న విన్నపం. మా వంటగట్టు మీద మిక్సీని మూలకు నెట్టి మీరు కొలువుదీరినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరికీ నూనె భయం లేకుండా పోయింది. నా ఫిర్యాదంతా దాని మీదే.

పూర్వం మూడో బజ్జీ దగ్గర మా వారి చెయ్యి కాస్త వెనకాడేది. ఇప్పుడా మొహమాటం లేదు. "గాలిలో వేగినవేగా!" అంటూ ఆలూ ముక్కల పళ్లెం మొత్తం ఖాళీ చేస్తున్నారు. గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్మే ఆ ముక్కలు చాలావరకు ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో మునిగి తేలినవి. ప్యాకెట్టు వెనక సరుకుల వివరాల్లో నూనె పేరు ఉంటుంది, చదవాలంటే కళ్లజోడు వెతుక్కోవాలి. అంత ఓపిక ఎవరికి? నూనె పోసింది వాళ్లు, 'చుక్క నూనె లేదు' అన్న కీర్తి మీది.

అసలు మీరు వేయించరు కదా. పైన ఒక తీగ ఎర్రగా కాలుతుంది, దాని పక్కన ఫ్యాను తిరుగుతుంది, వేడిగాలి గిన్నెలో సుడులు తిరుగుతుంది. మే నెలలో మా కొండారెడ్డి బురుజు దగ్గర వడగాలి ఇదే పని వాయిదాలు కట్టించుకోకుండా చేస్తుంది.

ఇక మిరపకాయ బజ్జీ సంగతి. బొరుగులతో, అదే మరమరాలతో, చేసే ఉగ్గాని పక్కన బజ్జీ లేకపోతే కర్నూలులో అది పలహారం కిందికి రాదు. మీమీద నమ్మకంతో మా వారు మిరపకాయలకు వాము, చింతపండు, ఉప్పు కూరి, శనగపిండిలో ముంచి స్వహస్తాలతో మీ జల్లెడ గిన్నెలో పేర్చారు. కాగిన నూనె పిండిని నలువైపులా ఒక్కసారిగా చుట్టేసి క్షణాల్లో పైపొర గట్టిపడేలా చేస్తుంది. గాలికి ఆ తొందర లేదు. అది నింపాదిగా వేడెక్కించేలోపు పిండి కిందికి జారి, జల్లెడ రంధ్రాల్లోకి దిగి, అక్కడే అట్టు కట్టింది. మా అత్తగారు తొంగిచూసి, "ఇది బజ్జీనా అమ్మాయ్, అట్టు మీద పడుకున్న మిరపకాయా?" అన్నారు. ఆ రంధ్రాలు తోమింది మాత్రం మా వారు కాదు.

పోనీ, ఆ ఉగ్గానిలో మీకేమైనా పాత్ర ఉందా అంటే, అదీ లేదు. బొరుగులు నీళ్లలో వేసి తీసి పిండడం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు, దించేముందు పుట్నాల పొడి, నిమ్మరసం. బొరుగులు వేయించేటప్పుడే వాటికి ఉప్పు పట్టిస్తారు కనుక, రుచి చూసి గానీ మళ్లీ ఉప్పు వేయకూడదు. నూనె సీసా వంచి పోయకుండా చెంచాతో కొలిస్తే చాలు. పెద్ద చెంచాడు నూనెకు సుమారు 120 కేలరీలు. అది ఆలివ్ నూనె అయినా, మా ఆదోని వైపు గానుగలో ఆడించిన వేరుశనగ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. ఖరీదు పెరిగినంత మాత్రాన కేలరీలు సిగ్గుపడి తగ్గవు. (చక్కెర మానేసి బెల్లంతో పాయసం చేయించుకుని రెండు గిన్నెలు తాగేవారికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. ఎవరని పేరు పెట్టి చెప్పను.)

మీరొచ్చాక అందరూ మరిచిపోయిన అసలు దొంగ మళ్లీ మళ్లీ కాచిన నూనె. నిన్న బజ్జీలు వేగిన నూనెలో నేడు వడలు, రేపు అప్పడాలు. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె కాగి కాగి విరిగినప్పుడు పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే ఇక వాడకూడదని దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై 1 నుంచి నిబంధన పెట్టింది. మా ఇంట్లో ఆ కొలత యంత్రం లేదు, నలుపు, నురగ, జిడ్డు వాసన పోల్చుకునే మా అత్తగారి ముక్కు ఉంది. నేను చేసిందల్లా నాలుగు బజ్జీలు పట్టే చిన్న బాణలి తీయడం. నూనె తక్కువ పడుతుంది, మిగిలేదీ తక్కువే, మర్నాటి తాలింపుతో అయిపోతుంది. వంటసోడా వేస్తే పిండి గుల్లబారి నూనె తాగుతుంది కనుక దాన్ని మానేశాను. నూనె బాగా కాగాకే పిండి వేస్తాను. వీటిలో దేనికీ మీటలు లేవు, వారంటీ లేదు. అందుకే మా వారి కంటికి ఆనవు.

నూనె లేని వంటే కావాలంటే జొన్నరొట్టె ఉండనే ఉంది. తట్టి పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు అద్దితే చాలు. దాన్ని మాత్రం మా వారు "షుగరు వాళ్ల తిండి" అని పక్కకు జరుపుతారు. అర్థమైందా అండీ? మీకు వేలు పోసింది ఏదో ఒకటి మార్చడానికి కాదు, ఏదీ మార్చకుండా ఉండటానికి. రోజుకు 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉప్పు ఆవకాయ రూపంలో పళ్లెంలో కొండలా కూర్చున్నా, మీరు గట్టు మీద ఉన్నారన్న ధైర్యంతో ఎవరూ అటు చూడరు.

మిమ్మల్ని పనికిరానివారని అనను. వేరుశనగ గింజలు మీ దగ్గర చుక్క నూనె లేకుండా సమంగా వేగుతాయి, మధ్యలో ఒకసారి కుదిపితే చాలు. చెంచాడు నూనె పట్టించిన బెండకాయ ముక్కలు కరకరలాడతాయి. బాణలిలో అయితే ఆ వేపుడుకు ఎంత నూనె పోసేదాన్నో నాకు తెలుసు. కాబట్టి ఇకపై మీకు వేరుశనగ శాఖ, బెండకాయ శాఖ అప్పగిస్తున్నాను. బజ్జీల జోలికి రావద్దు. ఆలూ ప్యాకెట్లు కొనే అధికారం మా వారి నుంచి తొలగించడమైనది.

ఇట్లు,
మీ గిన్నె తోమే ఇల్లాలు,
కర్నూలు

తా.క.: మిమ్మల్ని వెనక్కి పంపుతారేమోనని కంగారు పడకండి. మీరు వచ్చిన అట్టపెట్టెలో మా అత్తగారు బొరుగుల సంచి పెట్టుకున్నారు, ఇవ్వనంటున్నారు.