రేటు లేని స్పెషల్

విశాఖ బీచ్ రోడ్డు వైపు ఏ పెద్ద హోటల్లో కూర్చున్నా ఇదే తంతు. వెయిటర్ మెనూ చేతికిచ్చి, అందులో లేని ఐటమ్ పేరు చెబుతాడు. "ఈ రోజు స్పెషల్ వంజరం ఫ్రై సార్, పొద్దున్నే హార్బర్ నుంచి వచ్చింది." రేటు అతను చెప్పడు, మనం అడగం. దీన్ని వ్యాపార మెళకువ అని సరిపెట్టుకుంటున్నాం. నేను మోసమనే అంటాను.

గత మే నెలలో పలాస నుంచి మా అక్కాబావలు పిల్లలతో వచ్చారు. ఆర్కే బీచ్ చూసి భోజనానికి వెళ్లాం. మెనూలో చేపల వేపుడు ప్లేటు 320 రూపాయలుంది. స్పెషల్ కూడా అంతో ఇంతో అదే ఉంటుందనుకుని తెమ్మన్నాను. ఆరు ముక్కలు వచ్చాయి. బిల్లులో చూస్తే ముక్కకు 340 చొప్పున 2,040. మిగతా భోజనాలన్నీ కలిపినా అంత కాలేదు. ప్లేటు లెక్క ముక్క లెక్కగా ఎప్పుడు మారిందని మేనేజర్ని అడిగితే, మెనూ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న 'ఏపీఎస్' చూపించాడు. సైజును బట్టి రేటు అని దానర్థమట.

ఇంకో మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. మరబోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. ఆ రోజుల్లో హోటల్ హోటల్‌కీ పొద్దున్నే తాజా వంజరం ఎక్కడి నుంచి వచ్చినట్టు? చేప తాజాదనం గురించి చెప్పిన మాట తేలిపోయాక, ధర గురించి దాచిన మాట పొరపాటని ఎలా నమ్మాలి?

చేపల రేటు రోజూ మారుతుంది, రోజుకో మెనూ అచ్చు వేయించలేం అంటారు యజమానులు. మారే మాట నిజమే. కానీ 2017 జూన్ నుంచి పెట్రోలు ధర కూడా రోజువారీగానే నిర్ణయిస్తున్నారు, ఏ బంకులోనైనా లీటరెంతో కనిపించకుండా పోస్తున్నారా? ఎంవీపీ కాలనీ రైతు బజారుకు వెళ్లండి. వంకాయ కిలో ఎంతో, టమాటా ఎంతో బోర్డు మీద ఉంటుంది, మర్నాడు చెరిపి మళ్లీ రాస్తారు. రోడ్డు పక్క మెస్సులు కూడా గుమ్మం దగ్గర పలక ఆనించి 'చేపల పులుసు' అని రాసి ఎదురుగా అంకె వేస్తాయి. వాళ్లకు దొరికిన సుద్దముక్క ఏసీ హోటళ్లకు దొరకదా?

చట్టాలకు కొదవ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార విధానాలను తప్పంటోంది. బిల్లులో తమంతట తాము సర్వీస్ చార్జి కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిస్తే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ధరలో కొంత ముందు దాచి చివర్లో బయటపెట్టే పద్ధతిని 2023 నవంబరులో ఆన్‌లైన్ అమ్మకాల్లో నిషేధించారు. అంటే ఫోన్లో బిర్యానీ బుక్ చేసేవాడి గురించి ఆలోచించారు. టేబుల్ ముందు కుటుంబంతో కూర్చున్నవాడి సంగతేమిటి?

అసలు ఈ వ్యాపారం నిలబడింది చేప మీద కాదు, మన మొహమాటం మీద. చుట్టాలను తీసుకొచ్చిన మనిషి వాళ్ల ముందు "ఎంతవుతుంది?" అని అడగలేడు. అడిగితే లెక్కలు చూసుకుంటున్నాడని బావ అనుకుంటాడేమో అని బెంగ. వెయిటర్ మాట సరిగ్గా ఆ క్షణంలో వచ్చి పడుతుంది. ఈ నామోషీని హోటలొక్కటే వాడుకోవడం లేదు. ఫంక్షన్ హాలువాళ్లు కరెంటు, క్లీనింగ్ ఖర్చులు పెళ్లయ్యాక చెబుతారు. ఆస్పత్రిలో "ముందు అడ్మిట్ చేయండి, తర్వాత చూద్దాం" అంటారు. అపార్ట్‌మెంట్ల బ్రోషర్లలో సముద్రం కనిపిస్తుంది గానీ అడుగు రేటు కనిపించదు. ధర అడగడం లేనివాళ్ల లక్షణమని మనకెవరో నూరిపోశారు. మా అమ్మ చేపలబుట్ట దింపించి అరగంట బేరమాడేది. అందులో ఆవిడకు పరువు తక్కువేమీ కనిపించలేదు.

ట్రేడ్ లైసెన్సు ఇచ్చే మన నగరపాలక సంస్థ, జీవీఎంసీ, ఒక్క షరతు చేర్చాలి. రోజువారీ స్పెషల్ ఏదైనా సరే ధర ఎంతో, అది ప్లేటుకో ముక్కకో, తెలుగులో గుమ్మం దగ్గర రాసి ఉండాలి. రాయకపోతే ఆ ఐటమ్‌కు మెనూలోని మామూలు ధరే కట్టించాలి. అప్పటిదాకా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, బిల్లు పారేయకండి.

దసరా సెలవుల్లో మా అక్కావాళ్లు మళ్లీ వచ్చారు. వేరే హోటల్, అదే మాట: "వంజరం స్పెషల్ సార్." అందరి ముందూ రేటు అడిగాను. పాపం, ఆ కుర్రాడికే తెలియదు. లోపలికెళ్లి కనుక్కొచ్చి, "ముక్క 360 అంట సార్" అన్నాడు. మా మేనకోడలు మెనూ మూసేసి, "వద్దులే మావయ్యా, పులుసు చెప్పు" అంది.