గంటకు 54 కిలోమీటర్ల గోదావరి

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి కోనసీమలో నిపుణుల దిగుమతి మొదలైంది. మొన్న ఒక ప్రైవేటు బడి ‘లెక్కల్లో అజాగ్రత్త తప్పుల నివారణ’ మీద తల్లిదండ్రులకు సదస్సు పెట్టింది. వక్తగారి ఉపదేశ సారం: నెమ్మదిగా చదవండి, వేగంగా రాయండి, తొందరపడకండి, సమయం వృథా చేయకండి. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, “మావాడికి లెక్కలన్నీ వచ్చండి, మైనస్సుల దగ్గరే పోతున్నాయి” అన్నారు.

పోయిన మైనస్సు ఎక్కడ తేలుతుందో చూద్దాం. వర్గ సమీకరణాల పాఠంలో పడవ లెక్క అందరికీ తెలిసిందే. నిశ్చల నీటిలో గంటకు 18 కిలోమీటర్లు పోయే పడవకు, 24 కిలోమీటర్లు వాలున రావడం కన్నా ఎదురెక్కడానికి ఒక గంట ఎక్కువ పట్టింది, ప్రవాహ వేగమెంత? జవాబు 6. సమీకరణాన్ని మైనస్ 1తో గుణిస్తూ మధ్య పదం గుర్తు మార్చడం మరిచిపోతే 54 వస్తుంది. పిల్లవాడు దాని చుట్టూ పెట్టె గీసి, అందంగా యూనిట్లు కూడా రాస్తాడు.

ఇక గోదావరి గంటకు 54 కిలోమీటర్లు. నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు ఎక్కిన పెళ్లివారికి అవతలి గట్టు కనిపిస్తూనే పక్కకు జారిపోతుంది. బ్యాండు వాళ్లు వాయిస్తూనే ఉంటారు. అంతర్వేది స్వామికి పంటు మీదినుంచే దండం పెట్టుకుని అందరూ సముద్రంలోకి తరలిపోతారు. పెళ్లికొడుకు తండ్రి టికెట్టు డబ్బులు వాపసు అడుగుతాడు. మన పడవేమో ఏటికి ఎదురుగా ముక్కు పెట్టి, గంటకు 36 కిలోమీటర్ల చొప్పున వెనక్కి ప్రయాణిస్తుంది; అయినా ప్రశ్నపత్రం ప్రకారం గంట మాత్రమే ఆలస్యం! 1847లో ఈ 54 ఎవరైనా చెప్పి ఉంటే కాటన్ దొర ధవళేశ్వరంలో రాయి వేయకుండానే ఓడెక్కేవాడు.

నవ్వారు కదా. ఆ 54 రాసినవాడు రోజూ అదే పంటు మీద బడికి వచ్చే పిల్లవాడు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులంటే మొదటి వరద హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది అని లంకల్లో పుట్టినవాడికి ఎవరూ బట్టీ పట్టించనక్కర్లేదు. అలాంటివాడికి 54 చూసి అనుమానం రాలేదంటే అది వాడి అజాగ్రత్తా? పుస్తకంలోని ఏటికీ ఇంటి ముందున్న ఏటికీ సంబంధం లేదని ఏళ్ల తరబడి నేర్పింది, బడి పెద్దలారా, మీరు కాదా? “ఇంత వేగం ఉంటుందా సార్?” అన్నవాణ్ణి “సిలబస్ మిగిలిపోయింది, కూర్చో” అన్నది మీరు కాదా? చీకటితో లేపి, రాత్రి దాకా రుద్ది, వేగానికే చప్పట్లు కొట్టి, ఇప్పుడు ఏకాగ్రత లేదని బెత్తం తీయడానికి సిగ్గుండాలి.

వచ్చిన 6ను తిరిగి లెక్కలో పెడితే ఎదురు వేగం 12, పట్టేది రెండు గంటలు. వాలు వేగం 24, పట్టేది ఒక గంట. తేడా సరిపోయింది. అర నిమిషం పని. మీ టైంటేబుల్లో ఆ అర నిమిషం ఎక్కడుందో చూపించండి.