మా బడుల్లో వ్యాయామం లేదన్నవాళ్లెవరు?

ఈ మధ్య మన హైదరాబాద్ ప్రైవేటు బడుల మీద ఒక అపనింద పడింది. ఐదో తరగతి లోపు పిల్లలకు ఆటల్లేవట, ఒళ్లు వంగడం లేదట, రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడుతున్నారట. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా గుండె వేగం పెరిగేలా ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎక్కడో ఒక మాట అంది. దాన్ని ఫోన్‌లో చదువుకొచ్చిన కొందరు తల్లిదండ్రులు పేరెంట్స్ మీటింగుల్లో ప్రిన్సిపాల్ మేడమ్‌ను నిలదీస్తున్నారు. పాపం, యాజమాన్యాల తరఫున మాట్లాడేవాళ్లే కరువయ్యారు. ఆ పని నేను చేస్తాను, ఫీజులో రాయితీ ఏమీ అడగకుండానే.

ముందుగా బ్యాగు సంగతి. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బరువు పిల్లల బరువులో పదో వంతుకు మించకూడదు. ఒకటి, రెండు తరగతులకైతే 1.6 నుంచి 2.2 కిలోలు. అంతకు మూడేళ్ల ముందే మన రాష్ట్రం ఆ తరగతులకు కిలోన్నర చాలని ఉత్తర్వు ఇచ్చింది. ఈ లెక్కలు కట్టినవాళ్లకు చదువు తెలిసుండొచ్చు గానీ కసరత్తు తెలియదు. బరువు మోయకుండా కండ ఎలా వస్తుంది? మాదాపూర్ జిమ్ముల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు నెలనెలా వేలు పోసి చేసే పనిని, మన బడులు ఆరేళ్ల పిల్లలతో కేవలం పుస్తకాల ఖర్చుతో చేయిస్తున్నాయి. టెక్స్ట్‌బుక్కు, దానికో వర్క్‌బుక్కు, క్లాస్‌వర్క్ నోట్సు, హోంవర్క్ నోట్సు, రఫ్ నోట్సు, చేతిరాత పుస్తకం, డైరీ. వీటన్నిటి మీద బడి సొంతంగా అచ్చు వేసుకున్న ఒలింపియాడ్ పుస్తకం. పక్క జేబులో లీటరు నీళ్ల బాటిలు, రెండో జేబులో ఇంకో బాటిలు, ఎందుకంటే బడిలో నీళ్లు పడవని వాళ్ల అమ్మమ్మ చెప్పింది.

సగం పుస్తకాలు తెరవకుండానే ఇంటికి తిరిగొస్తున్నాయి కదా అని గొణుగుతున్నారు. జిమ్ములో డంబెల్‌ను ఎత్తినచోటే దించుతారు. అది దండగ అని ఎవరైనా అన్నారా?

ఆ స్కూల్ బ్యాగ్ విధానమే ఒకటి, రెండు తరగతులకు హోంవర్కే వద్దంది. మరి వేళ్లకు ఎక్సర్‌సైజు ఎవరు పెడతారు? ఎక్కాలు ఇరవైసార్లు రాసిన పిల్ల మణికట్టు చూడండి, ఏ బ్యాడ్మింటన్ కోచ్ అయినా ముచ్చటపడతాడు.

సంచి భుజానికి ఎక్కాక ఆటో. జూన్ 21న చాపలు పరిచి, ఫొటోలు దిగి, ఇంటికెళ్లే యోగా కాదిది. ఏడాది పొడుగునా సాగే సాధన. డ్రైవరన్న పక్కన పావు సీటు మీద ఒకడు, వెనక చెక్క మీద ఎదురెదురుగా ఆరుగురు, వాళ్ల ఒళ్లో సంచులు, సంచుల మీద యూకేజీ పిల్లలు. మలక్‌పేట సిగ్నల్ దగ్గర అరగంట మోకాలు కదపకుండా ఊపిరి బిగబట్టి కూర్చోవడానికి యోగశాస్త్రంలో ఏదో పేరు ఉండే ఉంటుంది. దిగాక నాలుగు అంతస్తులు. లిఫ్టు ఉంది, దాని మీద 'సిబ్బందికి మాత్రమే' అన్న బోర్డూ ఉంది. పిల్లల గుండె ఆరోగ్యం మీద ఇంతకన్నా శ్రద్ధ ఇంకెవరు చూపిస్తారు?

ఆటస్థలం లేదన్నది రెండో ఆరోపణ. ఇది పచ్చి అబద్ధం. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో బడికి ఆటస్థలం ఉండాలని రాసి ఉంది, కాబట్టి ఉంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా అందులో స్కూలు బస్సులు ఆడుకుంటాయి. పిల్లలు వెళ్తే బస్సులకు దెబ్బ తగులుతుందని గేటుకు తాళం వేస్తారు, అంతే. కొన్ని బడులు ఇంకో అడుగు ముందుకేసి డాబా మీద పచ్చటి టర్ఫ్ పరిచాయి. పగలు పిల్లలు తొక్కితే నలిగిపోతుందని దాన్ని జాగ్రత్తగా కాపాడి, చీకటి పడ్డాక ఫ్లడ్‌లైట్లు వేసి గంటకింత అని బాక్స్ క్రికెట్‌కు అద్దెకిస్తున్నాయి. బడిలో ఆటకు ప్రోత్సాహం లేదని ఇంకా ఎలా అంటారు? ఆడేది మన పిల్లలా, బ్యాంకు ఉద్యోగులా అన్నది చిన్న విషయం. స్థలం మరీ ఇరుకైతే సెల్లార్‌లో రెండు క్యారమ్ బోర్డులు పెట్టి గోడ మీద 'ఇండోర్ స్పోర్ట్స్ ఎరీనా' అని రాయిస్తారు. స్ట్రైకర్ పోయింది, తెప్పిస్తున్నారు.

చట్టం గురించి మాట వచ్చింది కనుక ఇంకో ముచ్చట. అదే అనుబంధం వ్యాయామం నేర్పే పార్ట్‌టైమ్ టీచరును ఆరు నుంచి ఎనిమిది తరగతులకే అడిగింది, అదీ పిల్లలు వంద దాటితేనే. ఒకటి నుంచి ఐదు దాకా ఆ ఊసే లేదు. ఎముకలు గట్టిపడే వయసు, పరుగు అలవాటయ్యే వయసు అదేనని డాక్టర్లు అంటారు గానీ, చట్టం రాసినవాళ్లకు పిల్లల మీద నమ్మకం ఎక్కువ. ఎవరూ నేర్పకపోయినా ఆడుకుంటారులే అనుకుని ఉంటారు. నిజమే, వదిలితే ఆడుకుంటారు. ఖోఖో, కబడ్డీ, తొక్కుడు బిళ్ల, ఏడు పెంకులాట... వీటికి పరికరాలు అక్కర్లేదు, కోచింగ్ అక్కర్లేదు, యాప్ అసలే అక్కర్లేదు. ఫీజు కాలమ్‌లో చూపించడానికి వీలుపడని ఆటలు బడిలో ఎందుకు నిలుస్తాయి?

అయినా చట్టం అడగకపోయినా చాలా బడులు పీఈటీ సారును పెట్టుకున్నాయి. ఆయన రోజు చూస్తే జాలేస్తుంది. పొద్దున గేటు దగ్గర షూ పాలిష్ చూడాలి. అసెంబ్లీలో మైకు సరిచేయాలి. ఏ క్లాసులో గోల లేచినా విజిల్ వేసుకుంటూ అక్కడికి పరుగెత్తాలి. ఫీజు కట్టనివాళ్ల ఇళ్లకు ఫోన్లు చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో కరపత్రాలు పట్టుకుని కాలనీల్లో అడ్మిషన్ల కోసం తిరగాలి. మొత్తం బడిలో రోజుకు 60 నిమిషాల కసరత్తు కచ్చితంగా పూర్తిచేస్తున్న మనిషి ఆయనొక్కడే. ఇక వారానికి రెండు గేమ్స్ పీరియడ్లంటారా, టైంటేబుల్‌లో పచ్చరంగులో అందంగా ఉన్నాయి. మ్యాథ్స్ టీచర్ సిలబస్ వెనకబడినప్పుడు వాటిని తీసుకుంటుంది. మ్యాథ్స్ సిలబస్ జూన్‌లోనే వెనకబడుతుంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలవగానే మొదట కోత పడేది ఆ పచ్చరంగు గళ్లకే, ఎండ కదా! ఎండ లేనప్పుడు వాన, వాన లేనప్పుడు యూనిట్ టెస్టు.

తిండి విషయంలోనూ మనం వెనకబడి లేం. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు బడి ఆవరణలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. ఈ నిబంధన తెచ్చినవాళ్లకు పిల్లల తరఫున చేతులెత్తి దండం పెట్టాలి. బండ్లవాళ్లు పద్ధతిగా 51వ మీటరుకు జరిగారు. ఇప్పుడు లాంగ్ బెల్ కొట్టగానే మూడో తరగతి మొత్తం గేటు దాటి చిప్స్ ప్యాకెట్ల దాకా దూసుకుపోతోంది. రోజు మొత్తంలో వాళ్లు ప్రాణం పెట్టి పరుగెత్తేది ఆ దూరమే. ఈ పరుగుకు టైము కొలిచి రికార్డు పెడితే రాష్ట్రానికి మంచి స్ప్రింటర్లు దొరుకుతారు.

2025లో సీబీఎస్‌ఈ తన బడులన్నిటినీ 'షుగర్ బోర్డు' పెట్టమంది. ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనపడేలా రాయాలన్నమాట. మంచి పని. మంచి చోటు చూసి పెట్టారు కూడా, సరిగ్గా పుట్టినరోజు పిల్లలు చాక్లెట్లు పంచేచోట.

మన ఊరి గొప్ప సంగతి ఒకటి మరిచిపోకూడదు. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది ఢిల్లీలో కాదు, మన తార్నాకలో. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. భారతీయులు ఏం తినాలో, ఏం తగ్గించాలో దేశమంతటికీ చెప్పేది మన సిటీ బస్సు వెళ్లే చోటు నుంచే. 2024లో మళ్లీ 17 సూత్రాలు ఇచ్చారు, వాటిలో వ్యాయామం ఉంది, ఉప్పూ చక్కెరా తగ్గించమనడం ఉంది. మన బడులు వాటిని వెంటనే అమల్లో పెట్టాయి, అంటే నాలుగో తరగతికి 'సమతులాహారం' మీద ప్రాజెక్టు ఇచ్చాయి. ఆ రాత్రి పదకొండు దాకా వాళ్ల అమ్మ థర్మాకోల్ మీద క్యారెట్లు, ఆకుకూరలు అంటిస్తుంది. నాన్న స్కెచ్ పెన్నుల కోసం మూసిన షాపులన్నీ తిరుగుతాడు. వంటకు టైం లేదు కాబట్టి ఫ్రైడ్ రైస్ ఆర్డర్ పెడతారు. పిల్లవాడు అది తింటూ టీవీ చూస్తాడు. ప్రాజెక్టుకు ఏ ప్లస్ వస్తుంది.

స్ఫూర్తికీ లోటు లేదు. బడి గోడ మీద సింధు, సైనా, నిఖత్ జరీన్, మిథాలీ రాజ్ వరుసగా నవ్వుతుంటారు. రియోలో వెండి, టోక్యోలో కంచు తెచ్చిన అమ్మాయి మన నగరం పిల్లే అని అసెంబ్లీలో చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. చప్పట్లు కూడా వ్యాయామమే, అరచేతుల్లో రక్తప్రసరణకు మంచిదని వాట్సాప్‌లో వచ్చింది. చప్పట్లయ్యాక వరుసలో చేతులు కట్టుకుని క్లాసుకు. కారిడార్లో పరుగెత్తినవాడికి గోడకుర్చీ. తొడ కండరాలకు దాన్ని మించింది లేదు.

ఇంత చేస్తున్నా బడినే అనడం అన్యాయం. అడ్మిషన్ రోజున ఆఫీసు గదిలో మన తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు వినండి. ఏసీ ఉందా? సీసీ కెమెరాలున్నాయా? ఐఐటీ ఫౌండేషన్ ఏ తరగతి నుంచి? మా వాడికి హిందీ ట్యూషన్ ఇక్కడే పెడతారా? గ్రౌండ్ ఎక్కడుందని అడిగినవాళ్లు ఉంటారు, కారు పెట్టుకోవడానికి. అడగని సరుకు ఏ కొట్టువాడూ తెచ్చి పెట్టుకోడు. సాయంత్రం ఇంటికొచ్చిన పిల్లలు కింద ఆడుకుందామంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వేసిన 'ఇక్కడ బంతాట నిషేధం' బోర్డు కనిపిస్తుంది. దాని మీద సంతకం పెట్టిన ప్రెసిడెంటు గారు ఆ సమయానికి కేబీఆర్ పార్కులో వాకింగ్‌లో ఉంటారు. బీపీ ఉంది కదా, డాక్టరు నడవమన్నాడు.

కాబట్టి నాదొక సూచన. ఈ నగరంలో పిల్లలకు ఏదైనా అందాలంటే అది సబ్జెక్టు కావాలి. ఆటనూ సబ్జెక్టు చేసేద్దాం. 'ప్లే ఫౌండేషన్' అని పేరు పెట్టి, ఒకటో తరగతి నుంచే మెటీరియల్, వీకెండ్ టెస్టు, ర్యాంకుల ఫ్లెక్సీ. ఏడు పెంకులాటకు షార్ట్‌కట్ ఫార్ములాలు. అప్పుడు చూడండి, గేమ్స్ పీరియడ్‌ను మ్యాథ్స్ టీచర్ తీసుకుంటే తల్లిదండ్రులు ధర్నాకు దిగుతారు.

ఒక బడి యాజమాన్యానికి ఈ ఆలోచన చెప్పి చూశాను. తెగ నచ్చింది. వారంలో సర్క్యులర్ కూడా తయారు చేశారు: మొదటి యూనిట్ టెస్టు సోమవారం, సిలబస్ 'పరుగు: నిర్వచనం, రకాలు, ఉపయోగాలు'. పుస్తకం బడి కౌంటరులోనే కొనాలి, రోజూ బ్యాగులో తేవాలి. ప్రాక్టికల్ మార్కులు అందరికీ పూర్తిగా వేస్తారు, కనుక ఎవరూ పరుగెత్తనవసరం లేదు.